చక్కెర లెక్క సరే, గుండె మాట యేమి?

గత వార్షికోత్సవమునాడు మన సంఘ భవనములో ఉచిత వైద్య పరీక్షా శిబిరము జరిగినది. ఉదయము ఎనిమిది గంటలకే పెద్దలు, స్త్రీలు వచ్చి వరుసగా కూర్చుండిరి. వ్రేలికొన సూదితో పొడిచి, ఒక రక్తపు చుక్కను చిన్న యంత్రమునకు తాకించి, అందు కనబడిన అంకెను కాగితముపై వ్రాసి యిచ్చుట అక్కడి పని. అంకె తక్కువ వచ్చినవారిని చుట్టునున్నవారు అభినందించిరి. ఎక్కువ వచ్చినవారు తలవంచుకొని, ముందునాటి పెండ్లివిందును, అందలి బూరెలను తలచుకొనిరి. ఆనాడు మిక్కిలి మెచ్చుకోలు పొందినవారిలో మన సంఘమునకు చిరకాలముగా సేవచేయుచున్న ఒక పెద్ద యుండిరి. డెబ్బదియేండ్లు దాటినను వారి అంకె పడుచువారి అంకెవలె నుండెను. మేము కూడ వారిని మెచ్చుకొన్నవారమే.

మూడు మాసములు గడువకమునుపే ఆ పెద్దగారికి పాదములు వాచినవి. పాతచెప్పులు పట్టకపోయెను. మెట్లెక్కునప్పుడు ఆయాసము, రాత్రివేళ పడుకొన్న కొంతసేపటికే ఊపిరాడక లేచి కూర్చుండుట. ఇంటివారు అది వయసు వలన ననుకొనిరి. ఇరుగుపొరుగువారు ఉప్పు తగ్గింపుడనిరి. “షుగరు బాగున్నది గదా, ఇంకేమి భయము?” అని వారే అందరికిని ధైర్యము చెప్పుచుండిరి. కడకు ఆసుపత్రిలో చేరిన పిమ్మట గుండె నీరసించి ఒంటిలో నీరు చేరినదని తేలినది. చక్కెర కొఱకు వారు కొన్నియేండ్లుగా మ్రింగుచున్న మాత్ర ఒకటే. కాని ఆ ఒక్క మాత్రలో మూడు మందులున్నవి. ఆ మూడింటిలో ఒకటి ఒంటిలో నీరు నిలుపు స్వభావము గలది. వైద్యులు దానిని మాన్పించి వేరు మందులిచ్చిరి. వారు కోలుకొని నేడు మన మధ్య నున్నారు.

ఆ మందొక్కటియే కారణమని మేము చెప్పబోము. వయసు, రక్తపోటు కూడ తోడై యుండవచ్చును. కాని పాదములు వాచిన మొదటివారమే “ఈ మాత్ర వలన నేమో, డాక్టరుగారి నడుగుడు” అని ఎవరైన చెప్పియుండినచో, ఎన్నో వారముల బాధ తప్పియుండెడిది. అట్లు చెప్పనివారిలో మేమును ఉన్నాము. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు అదియే కారణము.

మధుమేహము మన యిండ్లకు క్రొత్త చుట్టము గాదు. భారత వైద్య పరిశోధనా మండలివారి సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వానినిబట్టి మన దేశమున 10 కోట్ల మందికి పైగా ఈ వ్యాధి గలదు. ఏ వీధిలో చూచినను, ఏ కుటుంబములో చూచినను ఒకరిద్దరు లేకపోరు. వీరికి ముఖ్యశత్రువు చక్కెర ఒక్కటే గాదు. మధుమేహము గలవారికి గుండెపోటు, పక్షవాతము వచ్చు ప్రమాదము అది లేనివారికంటె సుమారు రెండింతలు. ఈ వ్యాధి వలన ఆయువు తీరువారిలో పెక్కురకు ఆ ఆపద గుండెనుండియో, రక్తనాళములనుండియో వచ్చుచున్నది. కనుక మధుమేహపు మందును తూచు త్రాసులో ఒక ప్రక్క రక్తములోని చక్కెరను పెట్టినచో, రెండవ ప్రక్క గుండెను పెట్టక తప్పదు. చక్కెర అంకె మంచి సాక్షి. కాని న్యాయాధిపతి గాదు. మా వాదమంతయు ఇదియే.

ఇది మా స్వకపోల కల్పితము గాదు. అరువదియేండ్ల వైద్యచరిత్ర ఈ పాఠమును మరల మరల చెప్పినది.

1961లో అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయములు కలిసి ఒక పెద్ద పరీక్షను ప్రారంభించినవి. అప్పుడు విరివిగా వాడుకలోనున్న టాల్బుటమైడ్ అను మాత్రను కొందరికి, మందులేని ఉత్తమాత్రను కొందరికి, ఇన్సులినును కొందరికి ఇచ్చి యేండ్ల తరబడి కనిపెట్టిరి. చక్కెరను అదుపులో నుంచినచో రక్తనాళములకు మేలు కలుగునని నిరూపించుటయే వారి ఉద్దేశము. 1970లో ఫలితములు వెలువడినప్పుడు అందరును నివ్వెరపోయిరి. టాల్బుటమైడ్ తీసికొన్నవారిలో గుండెజబ్బు వలన మరణించినవారు ఉత్తమాత్ర తీసికొన్నవారికంటె ఎక్కువగా నుండిరి. వైద్యలోకము రెండుగా చీలినది. పరీక్ష జరిపిన పద్ధతియే తప్పని కొందరు, మందే తప్పని కొందరు ఏండ్లకొలది వాదించుకొనిరి; న్యాయస్థానముల దాక పోయిరి. అమెరికాలో ఆ జాతి మందుల కాగితముపై గుండెను గూర్చిన హెచ్చరిక అచ్చగుటకు 1984 వరకు పట్టినది. ఆ వాదములో ఎవరు గెలిచిరను మాట అటుంచుదము. చక్కెరను తగ్గించు మందు గుండెకు మేలే చేయునని ముందుగా నమ్మరాదను సంగతి మాత్రము ఆనాడే బయటపడినది.

రెండవ పాఠము ఊరట కలిగించునది. మెట్‌ఫార్మిన్ అను మందును మనలో ఎరుగనివారుండరు. ఫ్రాన్సులో 1957నుండి అది మధుమేహమునకు వాడుకలో నున్నది. ఇంగ్లండులో 1977లో మొదలైన ఒక దీర్ఘపరీక్ష ఫలితములు 1998లో వెలువడినవి. స్థూలకాయులైన 342 మంది రోగులకు మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూడగా, ముఖ్యముగా పథ్యముతోనే గడిపినవారికంటె వీరిలో గుండెపోట్లు 39 శాతము తక్కువగా నుండెను. 342 అనునది పెద్ద సంఖ్య గాదు. నేటి పరీక్షలలో వేలమంది నుంచుచున్నారు. అయినను ఇన్ని యేండ్ల వాడుకలో ఆ మందు గుండెకు చెరుపు చేయునను మాట నిలువలేదు. అదే వంశమునకు చెందిన ఫెన్‌ఫార్మిన్ అను మందు మాత్రము రక్తములో ఆమ్లము పేరుకొనజేసి ప్రాణములు తీసినందున అమెరికాలో 1977లోను, మన దేశములో 2003లోను తొలగింపబడినది. ఒకే యింటిపేరు గలవారందరును ఒకే గుణము గలవారు కారు గదా! మందులును అంతే.

మూడవ పాఠము అన్నింటికంటె కఠినమైనది. రోసిగ్లిటజోన్ అను మందునకు అమెరికా ప్రభుత్వము 1999లో అనుమతి యిచ్చినది. అది చక్కెరను చక్కగా తగ్గించెను. ప్రపంచమంతట లక్షలమంది దానిని మ్రింగిరి. ఎనిమిదేండ్ల పిమ్మట, 2007 మే మాసములో, స్టీవెన్ నిస్సెన్, క్యాథీ వోల్‌స్కీ అను ఇద్దరు, అంతకుముందు జరిగిన 42 పరీక్షల లెక్కలను ఒకచోట చేర్చి చూచిరి. ఆ మందు తీసికొన్నవారిలో గుండెపోటు ప్రమాదము 43 శాతము హెచ్చుగా కనబడినదని ప్రకటించిరి. 2010లో యూరపు దేశములు దాని విక్రయమును నిలిపివేసెను. అమెరికా గట్టి ఆంక్షలు పెట్టెను. మన దేశము నిషేధించెను. తరువాత మరియొక పరీక్ష లెక్కలను తిరిగి చూచి, గుండెపోటు హెచ్చినదను మాటకు తగిన బలము లేదని తలచి, 2013లో అమెరికా ఆ ఆంక్షలను సడలించినది. నిజమేమో ఇప్పటికిని పండితులు వాదించుకొనుచునే యున్నారు. కాని మా ప్రశ్న వేరు. లక్షలమంది మ్రింగుచున్న మందు గుండెకేమి చేయునో తేల్చిచెప్పు పరీక్ష, ఆ మందు అంగడిలోనికి రాకమునుపే ఎందుకు జరుగలేదు?

ఇదే కాలమున ఇంకొక వింత జరిగినది. గుండెకు ప్రమాదము హెచ్చుగా నున్న 10,251 మంది మధుమేహ రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టువారి చక్కెరను మందుల మీద మందులిచ్చి ఆరోగ్యవంతుల స్థాయికి దింపవలెనని అమెరికాలో ప్రయత్నించిరి. రెండవ జట్టువారికి సామాన్యమైన అదుపు చాలుననిరి. గట్టిగా దింపిన జట్టులో 257 మంది, సామాన్యపు జట్టులో 203 మంది మరణించుటచే, 2008 ఫిబ్రవరిలో ఆ గట్టి చికిత్సను అర్ధాంతరముగా ఆపివేసిరి. అంకె ఎంత తక్కువైన అంత మేలను భ్రమ ఆనాడు తొలగినది. మన శిబిరములలో మాత్రము ఆ భ్రమ ఇప్పటికిని చప్పట్లు కొట్టించుకొనుచున్నది.

ఇట్టి అనుభవముల వలన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008 డిసెంబరులో ఒక నియమము పెట్టినది. మధుమేహమునకు క్రొత్తమందు తెచ్చువారు, అది గుండెకు తగనిరీతిగా ప్రమాదము పెంచదని ఆ నియమము ప్రకారము చూపవలసియుండెను. మందుల కంపెనీలు మొదట సణిగినను, వేలమందితో పెద్ద పరీక్షలు చేయక తప్పినది కాదు. ఆ నియమము వలన లోకమునకు కలిగిన లాభము ఇంతింత గాదు.

2013లో సాక్సాగ్లిప్టిన్ అను మందును గూర్చి 16,492 మందితో జరిగిన పరీక్ష ఫలితము వచ్చినది. గుండెపోట్లు పెరుగలేదు. కాని గుండె నీరసించి ఆసుపత్రిలో చేరినవారు ఉత్తమాత్ర జట్టులో నూటికి 2.8 మంది కాగా, మందు జట్టులో 3.5 మంది యైరి. 2016లో అమెరికావారు ఆ మందుమీదను, దాని సోదరియైన అలోగ్లిప్టిన్ మీదను ఈ హెచ్చరికను చేర్చిరి. అదే కుటుంబములోని సిటాగ్లిప్టిన్‌ను 14,671 మందిపై పరీక్షింపగా, 2015లో ఆ దోషము కనబడలేదు. మరల ఇంటిపేరు ఒకటే, గుణములు వేరు.

2015లో అంతకంటె గొప్ప విశేషము జరిగినది. అప్పటికే గుండెజబ్బు, రక్తనాళపు జబ్బు గల 7,020 మంది మధుమేహ రోగులలో ఎంపాగ్లిఫ్లోజిన్ అను మందును పరీక్షించిరి. ఇది మూత్రపిండములు చక్కెరను తిరిగి పీల్చుకొనకుండ ఆపి, దానిని మూత్రముతో బయటికి పంపును. 1835లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు ఆపిలుచెట్టు బెరడునుండి తీసిన ఒక పదార్థమునందు ఈ గుణమునకు మూలము గలదు. ఈ మందు గుండెకు చెరుపు చేయదని చూపిన చాలునని బయలుదేరిన ఆ పరీక్ష, గుండె, రక్తనాళముల జబ్బులచే కలుగు మరణములు నూటికి 5.9నుండి 3.7కు తగ్గినవని తేల్చినది. 2019లో దీని సోదరియైన డాపాగ్లిఫ్లోజిన్ గుండె నీరసించిన 4,744 మందిలో మేలు చేసినది. అందులో మధుమేహము లేనివారికి కూడ ఆ మేలు కలిగినది. సూదిమందుగా వాడు లిరాగ్లుటైడ్ 9,340 మందిలో గుండె, రక్తనాళముల ఆపదలను 13 శాతము తగ్గించినట్లు 2016లో తేలినది. గుండెకు హాని చేయునేమో చూడుడని అడిగిన ప్రశ్నకు, గుండెను కాపాడు మందులు జవాబుగా లభించినవి. ప్రశ్న అడుగుట వలన కలుగు ఫలమునకు ఇంతకంటె ఏమి సాక్ష్యము కావలెను?

ఇక మన యిండ్లలోని మందులపెట్టెలను తెరచి చూతము.

మన ప్రాంతములలో పెక్కురు వాడునది గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. గ్లిమిపిరైడ్ పైని చెప్పిన టాల్బుటమైడ్ వంశములోనిదే. అందుచే పాత అనుమానము దీనిని వెన్నాడినది. 2019లో సుమారు 6,000 మందిని ఆరేండ్లకు పైగా కనిపెట్టిన ఒక పరీక్ష ఆ అనుమానమును చాలవరకు తీర్చినది. లినాగ్లిప్టిన్ అను క్రొత్తమందు తీసికొన్నవారికిని, గ్లిమిపిరైడ్ తీసికొన్నవారికిని గుండె విషయమున భేదము కనబడలేదు. కాని చక్కెర మితిమీరి పడిపోవుట గ్లిమిపిరైడ్ వాడినవారిలో నూటికి 37.7 మందికి, రెండవ జట్టులో 10.6 మందికి కలిగినది. ఇది చిన్నమాట గాదు. చక్కెర పడిపోయినప్పుడు చెమటలు పట్టును, చేతులు వణకును, గుండె దడదడలాడును. గుండెజబ్బు గల వృద్ధునకు అది ప్రాణాపాయమే కావచ్చును. ఏకాదశినాడును, కార్తిక సోమవారమునాడును ప్రొద్దున మాత్ర వేసికొని, ప్రొద్దుగ్రుంకువరకు పచ్చిమంచినీరైన ముట్టని మాతృమూర్తులు మన యిండ్ల నెందరో కలరు. ఉపవాసము వారి యిష్టము. కాని ఆనాటి మాత్ర సంగతి ముందుగా వైద్యుని అడుగుట వారి బిడ్డల బాధ్యత.

రెండవది పియోగ్లిటజోన్. పైని చెప్పిన రోసిగ్లిటజోన్‌కు ఇది తోబుట్టువు. గుండెపోటు విషయమున దీనిమీద ఆ నింద నిలువలేదు. కొందరికి మేలు కూడ చేసినది. అయితే ఒంటిలో నీరు నిలుపుట దీని గుణము. గుండె నీరసించినవారు దీనిని వాడరాదు. మన ప్రభుత్వము 2013 జూనులో దీనిని నిలిపివేసి, నెల దాటిన కొన్నిదినములకే, పెద్దయక్షరముల హెచ్చరిక ముద్రింపవలెనను షరతుతో మరల అనుమతించినది. హెచ్చరిక ఉన్నది. చదువువారెవరు? ఈ మందు ఒంటరిగా వచ్చుట అరుదు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతో కలిసి ఒకే మాత్రగా వచ్చుచున్నది. అట్ట ముందువైపున కంపెనీవారు పెట్టిన ముద్దుపేరు. మూడు మందుల అసలు పేర్లు ఇంగ్లీషులో, సన్నని యక్షరములలో. డెబ్బదియేండ్ల కన్నులకు అవి చీమలబారువలె కనబడును. “తెల్లమాత్ర ప్రొద్దున, పచ్చమాత్ర రాత్రి” అనుటయే వారికి తెలిసిన వైద్యశాస్త్రము. 2018 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము 328 సంయుక్త ఔషధములను నిషేధించినప్పుడు, వానిలో మధుమేహమునకు వాడు కొన్ని త్రివిధ సంయోగములు కూడ ఉండెను. మందులను కలిపి యిచ్చుట సౌకర్యమే. కాని ఏమి కలిసినదో మ్రింగువానికి తెలియకుండుట సౌకర్యము గాదు.

మూడవది ఇన్సులిను. “సూది పడినదనగా ఆఖరిదశ, అది గుండెను తినివేయును” అని భయపడువారున్నారు. ఒక ప్రధానమైన ఇన్సులిను రకమును 12,537 మందిలో పరీక్షించి 2012లో ప్రకటించిన ఫలితములో, గుండెకు దాని వలన హానియు లేదు, ప్రత్యేకలాభమును లేదని తేలినది. కావలసినవారు దానికి వెరవ నక్కరలేదు.

మా మాటలకు రెండు ఆక్షేపణలు రాగలవని యెరుగుదుము.

మొదటిది: ఇట్టివి పత్రికలో వ్రాసినచో జనులు బెదిరి మందులు మానివేయుదురని. ఇది న్యాయమైన భయము. కనుక మేము స్పష్టముగా చెప్పుచున్నాము. ఈ వ్యాసము చదివి ఎవరును ఒక్క మాత్రయైన తమంతట మానరాదు, మార్చరాదు. చక్కెరను అదుపు తప్పనిచ్చుట కన్నులకు, మూత్రపిండములకు, పాదములకు, గుండెకు కూడ చేటు. కాని భయము పేరున జనులకు తెలియనీయకుండుట ఇంకను పెద్దచేటు. మా పెద్దగారికి చేటు చేసినది తెలిసికొనుట గాదు, తెలియకుండుటయే.

రెండవది: గుండెను కాపాడు మందులు ధనికులకేగాని మిల్లు కూలికి, నేతపనివానికి అందవని. కొంతకాలము క్రిందట ఇది నిజమే. కాని డాపాగ్లిఫ్లోజిన్‌పై మూల పేటెంటు మన దేశమున 2020లోను, ఎంపాగ్లిఫ్లోజిన్‌పై 2025 మార్చిలోను తీరిపోయినవి. పెక్కు భారతీయ కంపెనీలు వానిని తయారుచేయుటచే ధరలు చాల దిగినవి. ఇవి కూడ దోషరహితములు కావు. మూత్రమార్గమునకు దగ్గర దురద, పుండు కలుగవచ్చును. తిండి తినలేని జబ్బు వచ్చినప్పుడును, శస్త్రచికిత్సకు ముందును వీనిని ఆపవలసియుండును. లేనిచో రక్తములో ఆమ్లము పెరుగు ప్రమాదము గలదు. ఎవరికి తగునో, ఎవరికి తగదో వైద్యుడే చెప్పవలెను. కాని అవి ఉన్నవని తెలియని రోగి వానిని గూర్చి యెట్లడుగగలడు?

కావున మా సూచనలు ఇవి.

ప్రతి మధుమేహరోగియు ఈసారి వైద్యుని చూడబోవునప్పుడు చీటీ ఒక్కటియే గాక, వాడుచున్న మాత్రల అట్టలన్నింటిని ఒక సంచిలో వేసికొని పోవలెను. వైద్యుని మూడు ప్రశ్నలడుగవలెను. ఈ మాత్రలో ఏయే మందులున్నవి? నా గుండెకు, మూత్రపిండములకు ఇవి తగునా? నా గుండెను కాపాడు మందు ఏదైన నాకు అవసరమా? పూర్వము గుండెపోటు వచ్చియున్నను, పాదములు వాచుచున్నను, నడకలో ఆయాసము కలుగుచున్నను, ఆ సంగతి అడుగకపోయినను చెప్పవలెను. ఇంట తెలుగు తప్ప వేరుభాష రాని తల్లులు, అమ్మమ్మలు మనలో ఇంకను కలరు. ఆయాసమునకును, నెమ్మునకును, గుండెదడకును గల భేదమును వారు కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో మాటలాడు వైద్యునకు విప్పి చెప్పలేరు. కొడుకో, కోడలో, మనుమరాలో వెంట పోవలెను. “వీధిచివరి ఆసుపత్రియే గదా, ఆమె పోగలదు” అని పంపివేయరాదు.

మన సంఘములు జరుపు శిబిరముల పద్ధతి మారవలెను. వ్రేలు పొడిచి అంకె చెప్పి పంపుటతో పని తీరినదనుకొనరాదు. రక్తపోటు చూడవలెను. పాదములు నొక్కి వాపున్నదో లేదో చూడవలెను. ఆయాసమున్నదా యని అడుగవలెను. ఒక్కొక్కరు వాడు మందుల అసలుపేర్లను పెద్ద తెలుగక్షరములలోను, ఆ రాష్ట్రభాషలోను ఒక కాగితముపై వ్రాసి యీయవలెను. మన విద్యార్థులలో ఫార్మసీ చదువుచున్నవారికి ఇది ఒక పూటపని. ఖర్చు కాగితమునకే. ఈయేటి వార్షికోత్సవ శిబిరమును ఈ విధముగా జరుపవలెనని మన కార్యవర్గమును కోరుచున్నాము. కాగితములు వ్రాయు పనికి మేము కూర్చుందుము.

ప్రభుత్వమును మేము కోరునది ఒకటే. సంయుక్త మాత్రల అట్టలపై ప్రతి మందు పేరును, గుండెను గూర్చిన హెచ్చరికను, రోగి చదువగల భాషలో, చదువగల పరిమాణములో అచ్చు వేయింపవలెను. బీడీకట్టపై హెచ్చరికను బొమ్మతోసహా ముద్రింపించిన ప్రభుత్వమునకు ఇది అసాధ్యము గాదు.

ఆ పెద్దగారు మొన్న మా కార్యాలయమునకు వచ్చిరి. చేతిలో చిన్న సంచి, అందులో అట్టలు. “నాయనా, ఇప్పుడు నా మాత్రల పేర్లు నాకు వచ్చును, వినుము” అని బడిపిల్లవానివలె ఒక్కొక్కటి చెప్పి, ఏది దేనికో కూడ చెప్పిరి. చక్కెర అంకె యెంతయని మేము అడుగలేదు. మెట్లెక్కి వచ్చినను ఆయాసపడకుండ మాటలాడుచున్నారా యని చూచితిమి. ఆయాసము లేదు. ఆనాడు మేము మెచ్చుకొనవలసినదేదో మాకు ఇప్పుడు తెలిసినది.